వేసవిలో మన కుందేళ్లు

మార్చి నెల రాగానే మన ఇండ్లలో వేసవి ఏర్పాట్లు మొదలవుతాయి. కొత్త కుండ కొంటాము. పశువుల కొట్టం పైకప్పు సరిచేసుకొంటాము. కోళ్ల నీళ్ల తొట్టిని నీడకు జరుపుతాము. అయితే పిల్లలు ముచ్చటపడి పెంచుకొంటున్న కుందేలును గురించి మాత్రం అంతగా ఆలోచించము. వేడికి తాళలేకపోతే ఆవు అరుస్తుంది, కుక్క నాలుక చాచి రొప్పుతుంది. కుందేలు అరవదు. బోనులో ఒక మూల మౌనంగా పడుకొంటుంది. మనం గమనించేసరికి ఆలస్యమైపోతుంది. అందుచేత ప్రియ పాఠకులారా, మా కుటుంబాలకు చెందిన మూడు ఇండ్లలో ఈ విషయమై నేర్చుకొన్న సంగతులను మీతో పంచుకోవాలని అనుకొంటున్నాను.

మాది పెనుకొండ. మా చెల్లెలిని హిందూపురం దగ్గర పట్టుపురుగులు పెంచే కుటుంబానికి ఇచ్చాము. మా చిన్నాన్న కొడుకు ధర్మవరంలో మగ్గం నేస్తాడు. బెంగళూరు నుండి గుంతకల్లు వైపు వెళ్లే రైలు మార్గంలో ఈ మూడు ఊళ్లూ వరుసగా వస్తాయి. 2022 వరకు అనంతపురం జిల్లాలోనూ, ఆ తరువాత శ్రీ సత్యసాయి జిల్లాలోనూ ఉన్న ఈ ఊళ్లకు వానలు తక్కువ, ఎండలు ఎక్కువ. హిందూపురం సముద్రమట్టానికి 600 మీటర్ల పైన ఉంది గనుక కాస్త నయం. ధర్మవరం దిగువన ఉంది. మే నెలలో అక్కడ 40 డిగ్రీలు దాటడం వింత కాదు.

ధర్మవరంలో మా తమ్ముని కూతురు నాలుగు కుందేళ్లను పెంచేది. రేకుల పంచలో బోను, దాని ముందు ఒక ఫ్యాను. ఒక మే నెలలో పాప సెలవుల బైబిలు పాఠశాలకు వెళ్లింది. పెద్దవాళ్లు మగ్గం పనిలో ఉన్నారు. కరెంటు పోయింది. మధ్యాహ్నం పాప తిరిగి వచ్చేసరికి రెండు కుందేళ్లు చనిపోయి ఉన్నాయి. మిగిలిన రెండూ కాళ్లు చాచి పడి ఉన్నాయి. వాటిని లోపలికి తెచ్చి తడిగుడ్డలతో ఎలాగో బతికించుకొన్నారు. పాప రెండు రోజులు అన్నం ముట్టలేదు.

నేను వెళ్లినప్పుడు తమ్ముడు, “ఈ ఎండకు ఇవి బతికేవి కావక్కా. ఉండే రెండూ ఎవురికన్నా ఇచ్చేద్దాం” అన్నాడు. పాప తలెత్తి నా వైపు చూసి, “యాడికిచ్చినా ఇదే ఎండ కదత్తా?” అంది. ఆ మాటకు మా ఇద్దరిలో ఎవరి దగ్గరా జవాబు లేదు. ఈ ఎండల నేల మీద కుందేలును పెంచడం అసలు న్యాయమేనా అని నేను ఆ రోజు నుండే తెలిసినవారిని అడగడం, పుస్తకాలు చూడడం మొదలుపెట్టాను.

ముందుగా ఒక సంగతి తెలుసుకోవాలి. మన చేలల్లో పరుగెత్తే అడవి కుందేలు వేరు, ఇంట్లో పెంచే కుందేలు వేరు. చెవులపిల్లి అని కూడా పిలిచే అడవి కుందేలు ఈ ఎండలకు అలవాటుపడిన జీవి. పగలు పొదల నీడన పడుకొని, రాత్రి మేతకు తిరుగుతుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం, పెంచడం నేరం. పెంపుడు కుందేలు పూర్వీకులది స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతం. అవి నేలలో బొరియలు తవ్వుకొని గుంపుగా బతికేవి. బయట ఎండ కాస్తున్నా, నేల లోపలి చల్లదనంలో అవి పగలు గడిపేవి.

కుందేలుకు మనలాగా చెమట పట్టదు. ఒంటి వేడిని ముఖ్యంగా పెద్ద చెవుల ద్వారా, ఊపిరి ద్వారా బయటికి పంపుతుంది. దాని ఒంటి వేడి సుమారు 39 డిగ్రీలు. చుట్టూ గాలి 20 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటే హాయిగా ఉంటుంది. 30 దాటితే కష్టం, 35 దాటితే ప్రాణాపాయం. గాలి ఒంటికి సమానంగా వేడెక్కినప్పుడు చెవులు చేయగలిగింది ఏమీ లేదు. అప్పుడు ఫ్యాను వేసినా అది వడగాలినే విసురుతుంది. కేంద్ర గొర్రెలు, ఉన్ని పరిశోధన సంస్థవారు దక్షిణాదిన కుందేళ్లను పెంచే కేంద్రాన్ని కొడైకెనాల్ కొండల్లోని మన్నవనూరులో పెట్టారు. ఒత్తైన ఊలు ఉండే అంగోరా జాతినైతే హిమాలయాల్లోని కులూ లోయలో పెంచారు. “ఏ ఎండకైనా తట్టుకుంటాయి” అని అమ్మేవారు కొందరు చెబుతారు. తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు ఉంటుంది ఆ మాట.

ఇదంతా చదివిన తరువాత నాకు ఒక్క విషయం స్పష్టమైంది. మనం కుందేలుకు బోను ఇచ్చి, దాని బొరియను తీసుకొన్నాము. గనుక బొరియలోని చల్లదనాన్ని మనమే సమకూర్చాలి. మా మూడు ఇండ్లవారూ తమకు ఉన్నదానితోనే దాన్ని సమకూర్చుకొన్నారు.

హిందూపురం వైపు పట్టుపురుగులు పెంచేవారికి ఇది కొత్త విద్య కాదు. పురుగుకు 25 డిగ్రీలకు అటూ ఇటూ ఉండాలి, లేకుంటే పంట చేతికి రాదు. మా చెల్లెలి ఇంట షెడ్డు మీద కొబ్బరి మట్టలు పరుస్తారు. కిటికీలకు గోనెపట్టలు కట్టి నీళ్లు చల్లుతుంటారు. పొడిగాలి ఆ తడిలోంచి వచ్చేటప్పుడు, కుండలో నీరు చల్లబడినట్టే, తానూ చల్లబడుతుంది. “పురుగులకు చేసేదే దీనికీ చేసినానక్కా, కొత్తగా ఏం లేదు” అంది మా చెల్లెలు. బోనుకు రెండు వైపుల తడి గోనె కట్టి, రెండు వైపులు గాలికి వదిలింది. నాలుగు వైపులా మూసేస్తే లోపల ఉక్కపోస్తుంది. నేల మాత్రం పొడిగా ఉండాలి, తడి నేల మీద కుందేలు పాదాలు పుండ్లు పడతాయి. వానలు మొదలై గాలిలో తేమ పెరిగాక తడి గోనె అంతగా పనిచేయదు, అప్పుడు గాలి ఆడడమే ముఖ్యం. మల్బరీ ఆకు కుందేలుకు మంచి మేత, అయితే మందు కొట్టిన తోట ఆకు వేయరాదు. పురుగుల షెడ్డులోనే కుందేలును ఉంచడమూ మంచిది కాదు. అక్కడ వాడే ఫార్మలిన్, బ్లీచింగ్ పొడి ఘాటు దానికి హాని.

పెనుకొండలో మాది పాత చౌడు మిద్దె. 1565లో రాక్షసి తంగడి యుద్ధం తరువాత విజయనగర రాజులు తమ రాజధానిని ఈ ఊరికే మార్చుకొన్నారు. ఇక్కడి గగన్ మహల్ లోకి మిట్టమధ్యాహ్నం అడుగుపెట్టినవారికి మందపు గోడల విలువ తెలుస్తుంది. ఎండ వేడి ఆ గోడను దాటి లోపలికి వచ్చేసరికి పొద్దు వాలుతుంది. మా మట్టి మిద్దెలోనూ అదే జరుగుతుంది. ఉదయం తొమ్మిదికే తలుపులు, కిటికీలు మూస్తాము. చీకటి పడ్డాక అన్నీ తెరుస్తాము. కుందేళ్లు బండల నేల మీద పొట్ట ఆనించి పడుకొంటాయి. మిద్దె లేనివారు రేకుల మీద సున్నం కొట్టినా వేడి కొంత తగ్గుతుంది. రేకులకు, బోనుకు మధ్య గాలి ఆడేంత ఎడం ఉంచాలి. చింతచెట్టు, వేపచెట్టు నీడ దొరికితే ఇంకా మంచిది. అయితే ఆ నీడ పొద్దును బట్టి జరుగుతుంది, బోనును దానితోపాటు జరపాలి.

ధర్మవరంలో ఉపాయం పాపే చెప్పింది. అక్కడి గుంట మగ్గాల్లో నేసేవారు గుంతలో కాళ్లు పెట్టుకొని కూర్చుంటారు. మర మగ్గాలు వచ్చాక చాలా ఇండ్లలో చేతి మగ్గాలు మూలపడ్డాయి. తమ్ముని ఇంట కూడా ఒక మగ్గం తీసేశారు, దాని గుంత మీద పలకలు కప్పి ఉంచారు. “నాయన కాళ్లు పెట్టే గుంతలో చల్లగా ఉంటాదంట కదత్తా” అంది పాప. గుంతను శుభ్రం చేసి, ఆరబెట్టి, అడుగున బండలు పరిచారు. పాములు, పిల్లులు దూరకుండా పైన సన్నని ఇనుప జాలీ బిగించారు. ఉదయం పది నుండి సాయంత్రం ఐదు వరకే కుందేళ్లు అందులో ఉంటాయి. రాత్రి పైకి తెస్తారు. గుంతను రోజూ ఊడవాలి, మూత్రపు ఘాటు నిలిస్తే వాటి ఊపిరితిత్తులకు చేటు. ఉత్తర ఆఫ్రికాలోని ట్యునీషియాలో నేలలో గూళ్లు తవ్వి కుందేళ్లను పెంచే పాత పద్ధతి ఉందని ఆ తరువాత చదివి సంతోషించాను. గుంత లేనివారు పగిలిన పెద్ద కాగును నీడలో పక్కకు వాల్చి, చుట్టూ తడి ఇసుక పోసినా సరిపోతుంది. ఆ రెండు కుందేళ్లూ అప్పటినుండి రెండు వేసవులు దాటాయి.

ఇక రోజువారీ జాగ్రత్తలు. కుందేలు కిలో బరువుకు రోజుకు 50 నుండి 150 మిల్లీలీటర్ల నీళ్లు తాగుతుంది, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. బరువైన మట్టి పాత్రలో పోసి, రోజుకు మూడు నాలుగుసార్లు మార్చాలి. గొట్టం ద్వారా నీళ్లు ఇచ్చేవారు ఆ గొట్టం ఎండలో కాగకుండా చూసుకోవాలి. మేత తెల్లవారకముందు, చీకటి పడ్డాక వేయాలి. ఊడే బొచ్చును దువ్వి తీసేయాలి. ఫ్రిజ్ ఉన్నవారు సీసాలో నీళ్లు గడ్డకట్టించి, గుడ్డ చుట్టి బోనులో పెడితే కుందేలు దాన్ని ఆనుకొని పడుకొంటుంది. కరెంటు పోయినా అది కొన్ని గంటలు పనికొస్తుంది. ఈత కాలం దాదాపు 31 రోజులు గనుక మార్చి చివరి నుండి మే వరకు జత కలపకుండా ఉంటే మేలు. ఎండ దెబ్బకు మగ కుందేళ్లలో సంతాన శక్తి కొన్ని వారాలపాటు తగ్గుతుంది కూడా. సంతకో, ప్రదర్శనకో తీసుకొని వెళ్లాలంటే తెల్లవారుజామునే వెదురుబుట్టలో తీసుకొని వెళ్లండి. అట్టపెట్టెలో పెట్టి మధ్యాహ్నపు బస్సు ఎక్కించవద్దు.

వడదెబ్బ గుర్తులు ఇవి: వేగంగా ఊపిరి తీయడం, చెవులు ఎర్రబడి కాలిపోవడం, నోటి చుట్టూ తడి, తల వెనక్కి వాల్చి నోరు తెరవడం, పిలిచినా కదలకపోవడం. అప్పుడు వెంటనే నీడకు తెచ్చి, చెవులను చల్లని నీళ్లతో తడపాలి, తడిగుడ్డ మీద పడుకోబెట్టి విసరాలి. మంచు నీళ్లలో ముంచరాదు, ఆ అదురుకే ప్రాణం పోవచ్చు. నోట్లో బలవంతంగా నీళ్లు పోయరాదు. కాస్త తేరుకొన్నా సరే, పశువైద్యుని దగ్గరికి తీసుకొని వెళ్లాలి.

ఆదివారం ఆరాధనకు, మే నెల పెండ్లిండ్లకు ఇంటిల్లిపాదీ బయలుదేరేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం. మనం వెళ్లేటప్పుడు నీడలో ఉన్న బోను, తిరిగి వచ్చేసరికి ఎండలో ఉంటుంది. పొరుగువారికి ఒక మాట చెప్పి వెళ్లండి.

పిల్లలు కుందేలు కావాలని అడిగితే, ముందు ఇంట్లో చల్లని చోటు చూసుకోండి. అది లేకపోతే, తేకపోవడమే దాని మీద మనం చూపే దయ. ఇప్పటికే పెంచుతున్నవారు ఈ వేసవిలో ఒక రోజు మధ్యాహ్నం రెండు గంటలకు ఆ బోను పక్కన పది నిమిషాలు కూర్చోండి. మీరు తాళలేని చోట, ఒంటినిండా బొచ్చున్న ఆ చిన్న ప్రాణి అసలే తాళలేదు.