నాసికలో ఏ ద్రాక్షతోట చూడాలి?

మనవాళ్ళు నాసిక వెళ్ళడమంటే పంచవటి, త్ర్యంబకేశ్వరం, రామకుండంలో స్నానం. మా యింట్లోనూ నిన్నటిదాకా అంతే. ఈ జనవరిలో మాత్రం నేనూ, నా భార్యా, మా పెద్దవాడూ సోలాపురంలో రాత్రి బస్సెక్కింది వైను తయారుచేసే చోట్లు చూడడానికి. చదువరులు కంగారుపడవద్దు, కారణం చెబుతాను.

మా వాడు రసాయనశాస్త్రంలో బి.యస్సీ. ప్యాసై, ఆ ప్రాంతపు వైనరీ ఒకదానిలో ప్రయోగశాల ఉద్యోగానికి ఎంపికయ్యాడు. పేరెందుకు లెండి. సంగతి వినగానే నా భార్య అన్నం ముందునుంచి లేచిపోయింది. ఆమె తండ్రి మిల్లు కార్మికుడు. జీతాలిచ్చే రోజు సాయంత్రం సారా దుకాణం దగ్గర కాచుకుని, ఆయన్ను చేయి పట్టుకుని ఇంటికి నడిపించుకు రావడం పదేళ్ళ పిల్లగా ఆమె పని. అటువంటి మనిషికి వైను వేరు, సారా వేరు అని నేను ఉపన్యాసమిస్తే యేం లాభం? "ఒకసారి కళ్ళతో చూచి వద్దాం. నీవు వద్దంటే వాడు మానుకుంటాడు" అన్నాను. వాడూ సరేనన్నాడు.

ఇక ఏవి చూడాలన్నది ప్రశ్న. నాసిక చుట్టూ వైనరీలు చాలా ఉన్నవి. బస దగ్గర టాక్సీ అబ్బాయి ఒక్కరోజులో ఐదు చూపిస్తానన్నాడు. ఐదుచోట్లా గ్లాసు పట్టేవారికి అది నచ్చుతుందేమో! నేను గుమాస్తాను గదా, కాగితం తీసి దిక్కులు గీశాను. పడమర గంగాపూర్ జలాశయం వైపు సులా, యార్క్, సోమా దగ్గర దగ్గరగా ఉన్నవి. ఉత్తరాన దిండోరి వైపు షాందన్. ఇది ఫ్రెంచివారిది, సీసాలోనే రెండవసారి పులియనిచ్చి నురుగు వైను చేస్తారు. ఇగత్‌పురి వైపు వాలొన్నే, గ్రోవర్ జాంపా. దిక్కు మార్చినకొద్దీ పొద్దంతా రోడ్డు మీదే గడిచిపోతుంది. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, రోజుకొకటి చాలుననుకున్నాము. పెద్దదానికి సులా, చిన్నదానికి వాలొన్నే. యార్క్‌ను 2021లో సులావారే కొన్నారు గనుక, ఆ రెండూ చూచి రెండు ఇళ్ళవాళ్ళ పద్ధతులు చూచామనుకుంటే పొరపాటే.

సులా స్థాపకుడు రాజీవ్ సామంత్ అమెరికాలో చదువుకుని వచ్చి, సొంతవారి భూమిలో తోట వేశాడు. మొదటి వైను 2000లో బయటికి వచ్చింది. తల్లి సులభ పేరు మీదనే సులా అని పెట్టాడట. "తల్లి పేరు దీనికా పెట్టేది!" అన్నది నా భార్య.

లోపల ఇంటి యెత్తు స్టీలు తొట్లు చూపించారు. తెల్లవైనుకు రసం పిండి, తొక్క తీసివేసి చల్లగా పులియనిస్తారు. ఎర్రదానికి తొక్కతోనే పులియనిస్తారు, రంగు తొక్కలోనే ఉన్నది గనుక. ఈ ద్రాక్ష మనం బజారులో కొనేది కాదు. కాయ చిన్నది, తొక్క మందం, గింజలు. రుచి చూపే హాలులో ఒక కుర్రవాడు గ్లాసు తిప్పి, వాసన చూచి, ఒక గుక్క నోట పుక్కిలించి, పక్కనున్న కుండలో ఉమ్మేశాడు.

"ఉమ్మేస్తున్నాడేమండీ?" అని నన్నడిగింది.

"రుచి పరీక్ష అంటే అదేనమ్మా. మింగితే పది రకాలకు పోలిక చెప్పలేరు" అన్నాడు మా వాడు.

ఆమె కొంతసేపు ఆ కుండవైపే చూచి, "మా నాయన ఒక్కనాడూ ఉమ్మలేదు" అన్నది. వాడు తల వంచుకున్నాడు. నేను గ్లాసు ముట్టుకోలేదు.

వచ్చేటప్పుడు గంగాపూర్ ఆనకట్ట దగ్గర కాసేపు నిలిచాము. 1965లో పూర్తయిన మట్టికట్ట. రాజమహేంద్రవరంలో అంత వెడల్పున పారే గోదావరి ఇక్కడ ఇంకా చంటిపిల్ల. నా భార్య నీళ్ళు తల మీద చల్లుకుంది గాని మాటాడలేదు.

మరునాడు వాలొన్నేకు పోతూ దారిలో ఒక తోట దగ్గర బండి ఆపించాను. నా మటుకు ఆ తోటే అన్నింటికన్నా చూడదగినది. ఆడవాళ్ళు కత్తెరలతో గుత్తులు కోసి ప్లాస్టిక్ పెట్టెల్లో సర్దుతున్నారు. నా భార్య మరాఠీలో మాట కలిపింది. కూలి యెంత, పిల్లలను ఎవరు చూస్తారు, అన్నీ అడిగింది. మన దేశంలో తీగను ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు, వేసవి మొదట్లో ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి. అందుకే కోత జనవరి నుంచి మార్చి దాకా. ఎండెక్కితే కాయ వేడెక్కి పాడవుతుందని రాత్రిపూటా, తెల్లవారుజామునా కోయిస్తారట. కోతకు ముందు కాయలో తీపి యెంత చేరిందో పరీక్షించి చెప్పేది ప్రయోగశాలవాళ్ళు. ఆ పనివాళ్ళలో ఒకామె మా వాణ్ణి చూపి, "ఇలాంటి పిల్లలే వచ్చి చూచి, రేపు కోయండి అని చెప్పిపోతారు" అన్నది.

వెళ్ళదలచినవారికి రెండు మాటలు. శని, ఆదివారాలు బొంబాయి, పూనా జనంతో కిటకిటలాడుతవి, మధ్య వారంలో వెళ్ళండి. జనవరి 26, అక్టోబరు 2 వంటి రోజుల్లో రుచి చూపరు. చిన్నచోట్లకు ముందుగా ఫోను చేయండి. తాగేవారు బండి నడపకండి.

వాలొన్నేలో తొట్లు తక్కువ, మనుషులు తక్కువ. అడిగినదానికల్లా ఓపికగా జవాబు చెప్పారు. నా భార్య రుచి గది వైపు రాలేదు, బయట అరుగు మీదే కూర్చుంది. తిరుగు బస్సులో సగం రాత్రి దాకా అవునని గాని కాదని గాని అనలేదు. నగరు దాటాక, నేను నిద్రపోయాననుకుని కాబోలు, వెనుక సీటులోని కొడుకు వైపు తిరిగి, "రాత్రి కోతలప్పుడు తోటలో చలి బాగా ఉంటుందటరా. ఉన్న స్వెట్టరు చాలదు, ఇంకొకటి కొనుక్కో" అన్నది.