ఈత వచ్చునా?

"సముద్రంలో పడవ నడిపొచ్చావు కదా, సావనీరుకు సాహసయాత్ర మీద ఏదైనా రాయవోయ్!" అన్నాడు మా సంపాదక మిత్రుడు. సరేనని ఒప్పుకున్నాను. తీరా కాగితం ముందు కూర్చున్నాక తెలిసింది, నేను రాయవలసింది సాహసయాత్ర కాదనీ, ఒక అబద్ధం కథ అనీ. చదివి నవ్వుకున్నా, తిట్టుకున్నా మీ ఇష్టం.

మనం ఓరుగల్లు వాళ్ళం. మనకు నీళ్ళంటే చెరువు. భద్రకాళి, వడ్డేపల్లి; కాస్త దూరం పోతే పాకాల, రామప్ప, లక్నవరం. కాకతీయుల కాలంలో కట్ట పోసి "ఇక్కడ ఆగు" అంటే ఆగిపోయిన నీళ్ళు పాకాలవీ, రామప్పవీ. సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గర మా అమ్మ నీళ్ళలో వదిలిన బతుకమ్మ, తెల్లవారి పోయి చూసినా ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. అటువంటి నీళ్ళ పక్కన పెరిగినవాడికి, నీళ్ళకు కూడా రాకపోకల వేళలుంటాయని ఎట్లా తెలుస్తుంది?

దసరా వెళ్ళిన వారంలో మేము ఆరుగురం వరంగల్ స్టేషన్లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. తెల్లవారేసరికి విశాఖపట్నం. అక్కడి నుంచి బస్సులో భీమునిపట్నం. డచ్చివాళ్ళ పాత సమాధులూ, లైట్‌హౌసూ ఉన్న ప్రశాంతమైన ఊరు. గోస్తనీ నది బంగాళాఖాతంలో కలిసేది అక్కడే. శని, ఆదివారాలు రెండు రోజులు కయాక్ నడపడం నేర్పిస్తామంటే పోయాం.

కయాక్ మన నాటుపడవ వంటిది కాదు. ఉత్తర ధ్రువ ప్రాంతాల్లో ఇన్యూట్ ప్రజలు వేట కోసం చట్రం మీద సీల్ తోలు బిగించి చేసుకున్న సన్నని పడవ అది. ఇప్పుడు ప్లాస్టిక్‌తో చేస్తున్నారు. తెడ్డుకు రెండు చివర్లా రెక్కలుంటాయి. కూర్చుంటే మన నడుము ఇంచుమించు నీటిమట్టానికే ఉంటుంది. అందుకే ఒడ్డు మీది నుంచి చిన్నగా కనిపించిన అల, పడవలో కూర్చున్నవాడికి గోడలాగా కనిపిస్తుంది.

పడవ ఎక్కే ముందు ఒక కాగితం నింపమన్నారు. పేరు, వయస్సు, ఆరోగ్యం... చివర ఒక ప్రశ్న: "ఈత వచ్చునా?"

నా ముందున్న ఐదుగురూ "వచ్చు" అని రాశారు. నాకు వచ్చినదల్లా చిన్నప్పుడు మా ఊరి మోటబావిలో నడుముకు బెండు కట్టుకుని కాళ్ళు కొట్టడం. బెండు విప్పి ఒక్కసారి కూడా దూకలేదు. "రాదు" అని రాస్తే వేరుగా ఒడ్డున కూర్చోబెడతారేమో, మావాళ్ళు హాస్టల్ దాకా నవ్వుతారేమో అనిపించింది. "వచ్చు" అని రాసి సంతకం పెట్టాను. ఎంత తేలికైన పనో!

మొదటి రోజు నది లోపలే. రెండు సీట్ల కయాక్‌లో ముందు నేను, వెనక మా రూమ్మేటు. తెడ్డు వేస్తుంటే పడవ బాణంలా ఎగువకు దూసుకుపోయింది. "ఏంరా, మనకు ఇంత బలమున్నదని తెల్వదు!" అన్నాడు మావాడు. గర్వంగా నవ్వుకున్నాం. అది మా బలం కాదు. సముద్రం పోటు మీద ఉంది. ఉప్పునీరు నదిలోకి ఎదురెక్కి మమ్మల్ని మోసుకుపోతోంది. తిరిగి వచ్చేటప్పుడు చేతులు పీక్కుపోతే గాని ఆ సంగతి తెలియలేదు.

సాయంత్రం ఇసుకలో వల బాగుచేసుకుంటున్న ఒక ముసలాయన దగ్గర కూర్చున్నాం.

"రేపు పున్నం బాబూ. పోటు ఎక్కువ, ఆటూ ఎక్కువే. గాలి కూడా తిరుగుతోంది. రేపు మొగ దగ్గరికెల్లకండి" అన్నాడు.

మొగ అంటే నది సముద్రంలో కలిసే ముఖం. పోటుకూ పోటుకూ మధ్య సుమారు పన్నెండు గంటల ఇరవై అయిదు నిమిషాలు, అందుకే రోజురోజుకూ వేళ యాభై నిమిషాల చొప్పున జరుగుతుంది, పున్నమికీ అమావాస్యకూ సూర్యచంద్రుల లాగుడు ఒకటై ఎక్కువవుతుంది అని మాలోని ఫిజిక్స్ విద్యార్థి ఉపన్యాసం ఇచ్చాడు. ముసలాయన అంతా విని, "అదేటో నాకు తెల్దు బాబూ. 2014లో హుద్‌హుద్ వచ్చిన్నాడు ఈ సంద్రాన్ని సూసినాను. మొగ దగ్గరికి మాత్రం ఎల్లకండి" అన్నాడు మళ్ళీ.

ఆదివారం ఆకాశం మూసుకుపోయింది. బంగాళాఖాతంలో అల్పపీడనమట, తూర్పు నుంచి ఈదురుగాలి. నేర్పేవాళ్ళు ఒక జెండా పాతి, దాన్ని దాటవద్దని గట్టిగా చెప్పారు. వాళ్ళ తప్పేమీ లేదని ఇక్కడే చెబుతున్నాను. జెండా అవతల నుంచి ఫోటో తీయించుకుంటే కెరటాలు బాగా కనిపిస్తాయన్న ఆలోచన నాదే. మావాడు వద్దన్నాడు. "భయమా?" అన్నాను. ఆ ఒక్క మాటకు తెడ్డు వేశాడు.

మధ్యాహ్నం కావస్తోంది. ఆటు మంచి జోరు మీద ఉంది. నది పొడుగునా నిండిన నీరంతా ఆ ఇరుకు మొగలో నుంచి ఒకేసారి బయటికి పోతోంది. జెండా దాటిన నాలుగు తెడ్లకే, మేం వేయకపోయినా పడవ ముందుకు పోసాగింది. ఎదురుగా గాలి, కెరటాలు ఇటు. కింద నీరు అటు. రెండూ ఢీకొన్నచోట అలలు కురచగా, నిటారుగా లేస్తాయి; ఒకదాని వెంట ఒకటి, ఊపిరి తీసుకోనివ్వకుండా. వెనక్కి తిప్పుదామని అడ్డం తిరిగాం. అడ్డం తిరిగిన పడవను రెండో కెరటమే బోర్లేసింది.

లైఫ్ జాకెట్ నన్ను పైకి తేల్చింది. కానీ ముక్కులోకి ఉప్పునీళ్ళు పోగానే నాకు మోటబావి గుర్తొచ్చింది, బెండు గుర్తొచ్చింది. పడవ చేతికి అందే దూరంలోనే తేలుతోంది. నేను దాన్ని పట్టుకోలేదు. మావాడి మెడ పట్టుకున్నాను, రెండు చేతులతో. వాడు నా కింద మునిగాడు. లేచాడు. మళ్ళీ మునిగాడు. వదలాలని తెలుసు. చేతులు వదలలేదు.

"పడవ పట్టుకో! మనిషిని కాదు!" అని ఎవరో అరుస్తున్నారు. నేర్పే ఆయన తన కయాక్‌లో వచ్చి నా చేతులు విడదీసి పడవ అంచు మీద పెట్టాడు. ఆ తరువాత జాలరుల ఫైబర్ బోటు వచ్చింది. ఒడ్డుకు చేరాక మావాడు చాలాసేపు నీళ్ళు కక్కాడు. వాడి మెడ మీద నా గోళ్ళ గీతలు ఎర్రగా తేలాయి. వల కుట్టే ముసలాయన ఒక దుప్పటి తెచ్చి వాడికి కప్పాడు. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండుననిపించింది.

కాసేపటికి మావాడు అడిగాడు: "నీకు ఈత రాదా?"

"రాదు."

"ముందే చెప్తే నేను జెండా దాటకపోదును గదరా" అన్నాడు. అంతే. తిరుగు ప్రయాణంలో మిగతా నలుగురూ కేకలు వేస్తూ పాటలు పాడుతున్నా మేమిద్దరం కిటికీల దగ్గర మౌనంగా కూర్చున్నాం. ఆ సంగతి వాడు హాస్టల్లో ఎవరికీ చెప్పలేదు. ఈ సావనీరులో నేను చెబుతున్నదే మొదటిసారి, వాడి అనుమతితోనే.

మిత్రులారా, సముద్రం నన్ను మోసం చేయలేదు. దాని వేళ అది ముందే చెప్పింది. ముసలాయన చేత చెప్పించింది, జెండా చేత చెప్పించింది. తన సంగతి దాచినవాణ్ణి నేనొక్కణ్ణే. కాగితం మీద రాసిన అబద్ధం నన్నొక్కణ్ణే ముంచుతుందనుకున్నాను. నీళ్ళలో అది పక్కవాడి మెడకు చుట్టుకుంది.

ఎండాకాలం నుంచి ఈత నేర్చుకుంటున్నాను. ఆరేళ్ళ పిల్లల మధ్య మీసాలున్నవాణ్ణి నేనొక్కణ్ణే. నవ్వేవాళ్ళు నవ్వుతూనే ఉన్నారు. మావాడు అప్పుడప్పుడు వచ్చి గట్టు మీద కూర్చుంటాడు. మొన్న మొదటిసారి ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఆగకుండా పోయాను. "ఇగ ఈసారి వచ్చు అని రాయొచ్చురా" అన్నాడు.

"ఇంకా కాదు" అన్నాను. "నేర్చుకుంటున్నాను అని రాస్తా."