అనకాపల్లి బెల్లమూ, మా పిన్ని గుమ్మడికాయ కూరా

విశాఖపట్నంలో రాజమండ్రి వైపు పోయే బండి ఎక్కితే గంటలోపునే అనకాపల్లి వస్తుంది. శారదానది ఒడ్డున ఉన్న ఊరు. జిల్లా కేంద్రమైంది 2022లోనే గాని, దాని పేరు ఎన్నో తరాల కిందటే బెల్లంతో ముడిపడిపోయింది. చెరకు మీద పరిశోధన ఇక్కడ 1913లోనే మొదలైంది. ఊరికి దగ్గర్లో శంకరం వద్ద బొజ్జన్నకొండ మీద బౌద్ధుల గుహలున్నాయి, చూడదగ్గవే. కాని సంక్రాంతి వెళ్ళిన వారానికి మేము వెళ్ళింది గుహల కోసం కాదు, కూర కోసం!

మా ఆవిడ గుమ్మడికాయ బెల్లం కూర బాగానే చేస్తుంది. అయితే మా పిన్ని చేతి కూరలో ప్రతి ముక్కకూ వార్నీషు పూసినట్టు పట్టుకునే ఆ ముదురు పాకం మాత్రం ఆవిడకు కుదరడం లేదు. ఆ కిటుకేదో తేల్చుకోవాలని నన్ను బయలుదేరదీసింది.

ముందు బెల్లం మార్కెట్టుకు వెళ్ళాము. దిమ్మలు వరసలుగా పేర్చి ఉన్నాయి. అక్కడ రంగే రాజు. పసుపుపచ్చగా మెరిసే దిమ్మకు మంచి ధర పలుకుతుంది. నల్లని దిమ్మను చూస్తే బేరగాడు పెదవి విరుస్తాడు. నిజానికి చెరకురసం కాగి కాగి గట్టిపడితే సహజంగా వచ్చేది గోధుమరంగు, ఒక్కోసారి ఇంకా ముదురు. లేతరంగు తెప్పించడానికి హైడ్రోసు అనే పొడి కలపడం చాలాచోట్ల అలవాటైంది. కొనేవాడు రంగే అడుగుతూంటే వండేవాడు మాత్రం ఏం చేస్తాడు, మీరే చెప్పండి!

మా ఆవిడ కిలో పచ్చబెల్లం కొన్నది. అక్కణ్ణించి ఆటోలో పిన్ని ఊరు చేరాము.

పిన్ని దాన్ని చూసి నవ్వింది. "చూడ్డానికి అందంగా ఉందే అమ్మాయ్! రెండు బెల్లాలతోనూ చేసి చూపిస్తాను, నువ్వే చెప్పుదువుగాని" అని రెండు మూకుళ్ళు పొయ్యిమీదకెక్కించింది.

ముక్కలు చెక్కుతోనే, బొటనవేలంత మందాన తరిగింది. శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిరపకాయలు, ఇంగువ, కరివేపాకుతో పోపు. ముక్కలూ, ఉప్పూ, పసుపూ వేసి, కాసిని నీళ్ళు చిలకరించి మూత పెట్టింది. ముక్క ముప్పాతిక ఉడికేదాకా బెల్లం జోలికి పోలేదు.

"ఇప్పుడే వేస్తే ఏమౌతుంది అత్తయ్యగారూ?"

"బెల్లం పడ్డాక ముక్క ఇక మెత్తబడదే!"

తరవాత కిలో ముక్కలకు 150 గ్రాముల బెల్లం. (తూచింది మా ఆవిడ. పిన్నికి గుప్పెడే కొలత.) ఇక మూత లేదు, గరిటె లేదు. మూకుడు చెవులు పట్టుకుని కుదపడమే. బుడగలు చిన్నవిగా గబగబా వస్తున్నంతసేపూ ఇంకా నీరున్నట్టు. పెద్దవై, బద్ధకంగా పగలడం మొదలైతే దించెయ్యాలి. చిక్కబడ్డానికి మా ఆవిడ బియ్యప్పిండి వేస్తుందని విని పిన్ని గుండెమీద చెయ్యి వేసుకున్నది!

ముద్దపప్పు, నెయ్యి కలిపిన అన్నంలో రెండు కూరలూ నంజుకున్నాము. పచ్చబెల్లం కూర తియ్యగా ఉంది, అంతే. నల్లబెల్లం కూరలో తీపి వెనకనుంచి సన్నని చేదు, కాస్త పొగవాసన, ఆపైన మిరపకాయ ఘాటు, ఒకదాని తరవాత ఒకటి వచ్చాయి.

సాయంత్రం ఆ నల్లబెల్లం పుట్టిన గానుగ దగ్గరకు వెళ్ళాము. దాని యజమాని పిన్నికి మరిది వరస. ఎండిన పిప్పే పొయ్యికి వంటచెరకు. రసం తేటపడ్డానికి ఆయన వేసేది బెండమొక్కల జిగురూ, చిటికెడు సున్నమూను. ఊళ్ళో ఒకప్పుడు నాలుగు గానుగలుండేవిట. ఇప్పుడు మిగిలింది ఇదొక్కటే.

"రంగు లేదని ధర కోస్తారు. కొట్టుడు కూలీ చూస్తే పెరిగిపోయింది. వచ్చే ఏడు సరుగుడు వేసేద్దామనుకుంటున్నాను బాబూ" అన్నాడాయన.

"అలా అనకండి మామయ్యగారూ! ముప్పై కిలోలు మేము తీసుకుంటాం" అన్నది మా ఆవిడ.

"ముప్పై కిలోల కోసం చెరకు వెయ్యమంటావా తల్లీ?" అని ఆయన నవ్వాడు.

ఆవిడ నవ్వలేదు. రైలు వచ్చేలోగా స్టేషన్లో కూర్చుని మా వీధిలో వాళ్ళందరికీ ఫోన్లు చేసి నూట ఇరవై కిలోలు పోగుచేసి, ఆయనకు కబురు చేసింది. సరుగుడు మాట మాత్రం ఆయన ఇంకా తేల్చలేదు.