కమో గట్టు వెంట

క్యోటోలో కాలినడకన గుళ్లు చూపించే గైడు మొదటి పది నిమిషాల్లోనే ఒక లెక్క నేర్పేస్తాడు. వాకిట్లో తోరీ అనే తోరణం ఉంటే అది షింటో దేవతల జింజా. పెంకుల కప్పుతో బరువైన ద్వారం, లోపల గంట, వెనక సమాధులు ఉంటే బౌద్ధుల తెరా. జింజాలో రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, మళ్లీ ఒకసారి వంగాలి. తెరాలో చప్పట్లు పనికిరావు, చేతులు జోడిస్తే చాలు. అతడు ఎత్తి పట్టుకున్న జెండా వెనకాల సాయంత్రం దాకా తిరిగితే చాలా గుళ్లే చూడొచ్చు. కానీ ఏ గుడి ఎందుకు అక్కడే వెలిసిందో బోధపడదు. అది తెలియాలంటే జెండాను వదిలేసి ఏటి గట్టు పట్టాలి.

ఆ ఏరు కమో. క్యోటోకు ఉత్తరాన కొండల్లో పుట్టి, ఊరి తూర్పు పక్క నుంచి దక్షిణానికి పారి కట్సురా నదిలో కలుస్తుంది. మొత్తం పొడవు 30 కిలోమీటర్ల పైచిలుకు, అంతే. వానలు లేని రోజుల్లో కొంగలు మధ్యలో నిలబడి చేపలు పట్టేంత లోతు. కానీ వాలు ఎక్కువ. ఊరి దక్షిణాన ఉన్న తోజీ గోపురం ఎత్తు 55 మీటర్లు. దాని కొస, ఉత్తరాన కితాఓజీ వీధిలో నేల రెండూ ఒకే ఎత్తులో ఉంటాయని క్యోటో వాళ్లు చెప్పుకుంటారు. అందుకే గట్టు వెంట నడుస్తుంటే అడుగడుగునా చిన్న చిన్న ఆనకట్టలు, మెట్లు దిగినట్టు దిగే నీళ్లు.

ఏటి పుట్టుక దగ్గరే మొదటి గుడి ఉంది. కుమొగహతా అనే కొండపల్లె దాటి పైకి వెళితే షిమ్యోఇన్, అచలనాథుడిని కొలిచే బౌద్ధాలయం. కొండరాళ్ల సందుల్లోంచి నీళ్లు ఊరుతుంటాయి. నారుకామి అనే ప్రసిద్ధ కబుకి నాటకం జరిగేది ఈ కొండలోనే. రాజు మీద అలిగిన ఒక తాపసి వాన కురిపించే నాగదేవతలను జలపాతం దగ్గర బంధించేస్తాడు. దేశమంతా కరువు. రాజుగారు ఒక అందగత్తెను పంపుతారు. ఆమె అతడి తపస్సు చెడగొట్టి, తాగించి, కట్టిన తాడు కోసేస్తుంది. కుండపోత. కథ ఎక్కడో విన్నట్టు ఉంటే ఆశ్చర్యం లేదు. ఇది మన ఋష్యశృంగుడి కథే. బౌద్ధ గ్రంథాలతో పాటు చైనా మీదుగా జపాన్ చేరి, ముందు ఏకశృంగ ఋషి పేరుతో నో నాటకమై, తర్వాత కబుకిలోకి వచ్చింది.

కొండలు దిగి ఊళ్లోకి అడుగుపెట్టే చోట, ఎడమ గట్టున కమిగమో. క్యోటో రాజధాని అయింది 794లో. ఈ గుడి అంతకంటే పాతది. తోరీ దాటాక పెద్ద పచ్చిక మైదానం, దాని తర్వాత ఇంకో తోరీ, ఆ వెనక ఒక మండపం ముందు రెండు తెల్లటి ఇసుక శంఖువులు. మనిషి నడుము ఎత్తు కంటే కాస్త ఎక్కువ. దగ్గరికి వెళ్లి చూస్తే కొసన పైన్ ఆకుల సూదులు గుచ్చి ఉంటాయి. ఒకదాని మీద మూడు సూదుల ఆకు, ఇంకోదాని మీద రెండు సూదుల ఆకు. విగ్రహం లేదు. ఆ ఇసుక గుట్టలు ఉత్తరాన ఉన్న కోయమా అనే కొండకు ప్రతిరూపాలు. దేవుడు దిగింది ఆ కొండ మీదట.

ఆ దేవుడి పుట్టుక కథ ఏటితోనే మొదలవుతుంది. తమయోరిహిమె అనే అమ్మాయి నీళ్లలో ఆడుకుంటుంటే ఎగువ నుంచి ఎర్ర రంగు పూసిన బాణం ఒకటి కొట్టుకొచ్చింది. ఇంటికి తీసుకెళ్లి పక్క దగ్గర పెట్టుకుంది, గర్భవతి అయింది. కొడుకు పెరిగాక తాతగారు పెద్ద విందు చేసి, పిల్లవాడి చేతికి సాకే గిన్నె ఇచ్చి, మీ నాన్న ఎవరో ఆయనకే ఇవ్వు అన్నాడు. పిల్లవాడు గిన్నె పైకెత్తి, ఇంటి కప్పు చీల్చుకుని ఆకాశంలోకి వెళ్లిపోయాడు. ఆ పిల్లవాడే పిడుగు దేవుడై కమిగమోలో ఉన్నాడు. తల్లీ తాతా దిగువన షిమొగమోలో ఉన్నారు. ఏటా మే 15న జరిగే అఒయి మత్సురిలో హెయాన్ కాలపు దుస్తులు వేసుకున్న అయిదు వందల మంది పాత రాజభవనం నుంచి బయల్దేరి, ముందు తల్లి గుడికి, తర్వాత గట్టు వెంట కొడుకు గుడికి నడుస్తారు. వరస అదే, పెద్దవాళ్లే ముందు.

కమిగమోలోంచి పారే చిన్న ఏరు బయటికొచ్చాక పూజారుల వీధి పక్కన కాలువలా వెళుతుంది. ప్రతి ఇంటికీ ఒక చిన్న వంతెన. ఆ నీళ్లను గోడ కింద నుంచి పెరటి తోటలోకి మళ్లించుకుని, మళ్లీ కాలువకే వదిలే ఏర్పాటు పాత రోజుల నుంచీ ఉంది. ఆ వీధి గుడి కంటే బాగుంటుందని నా అభిప్రాయం.

అక్కడి నుంచి షిమొగమో దాకా గట్టు మీద గంట లోపు నడక. కుక్కలను తిప్పేవాళ్లు, బూర సాధన చేసే కుర్రాళ్లు, చెర్రీ చెట్లు. షిమొగమో చుట్టూ 12 హెక్టార్ల అడవి ఉంది, తదసు నో మొరి. నగరం నడిబొడ్డున ఇంత పాత అడవి మిగలడమే వింత. గుడి లోపల మితరాషి కొలను ఉంది. జూలై చివర్లో జనం దాని ముందు చెప్పులు విప్పి, బట్టలు మోకాళ్ల పైకి మడుచుకుని, చేతిలో కొవ్వొత్తితో నీళ్లలోకి దిగుతారు. ఊట నీళ్లు, ఎండాకాలంలోనూ కాళ్లు కొంకర్లు పోయేంత చల్లన. ఎదురుగా వెళ్లి కొవ్వొత్తి వెలిగించి పెడతారు. రోగాలు రావని నమ్మకం.

అడవి మొదట్లో కవాయి అని ఒక చిన్న జింజా ఉంది. అక్కడ మొక్కు రాసే చెక్క పలక చేతి అద్దం ఆకారంలో ఉంటుంది. దాని మీద ముందే కళ్లూ ముక్కూ నోరూ గీసి ఉంటాయి. అమ్మాయిలు సంచిలోంచి సొంత లిప్‌స్టిక్ తీసి ఆ చెక్క పెదాలకు పూస్తారు, బుగ్గలకు రంగు వేస్తారు, వెనక కోరిక రాస్తారు. వందల ముఖాలు వరసగా వేలాడుతుంటాయి, ఏ రెండూ ఒకలా ఉండవు. ఈ గుళ్లోనే అర్చకత్వం రావాల్సి ఉండి, బంధువు అడ్డుపడటంతో రాకుండా పోయినవాడు కమొ నో చోమెయి. షిమొగమో పూజారి కొడుకు. విరక్తితో తల కొరిగించుకుని బౌద్ధ సన్యాసి అయ్యాడు. ఊరి బయట పది అడుగుల చదరపు గుడిసెలో ఉంటూ 1212లో హోజోకి రాశాడు. క్యోటోను కాల్చిన మంట, సుడిగాలి, కరువు, 1185 భూకంపం, అన్నీ కళ్లతో చూసి రాసిన చిన్న పుస్తకం. షింటో పూజారి ఇంట పుట్టి బౌద్ధ సన్యాసిగా పోవడం ఆ కాలంలో వింతేమీ కాదు. మన గైడు లెక్కలోనే అతను ఇమడడు.

షిమొగమో కొసన తకానో నది వచ్చి కమోలో కలుస్తుంది. తాబేళ్ల ఆకారంలో పరిచిన రాళ్ల మీద పిల్లలు గంతులేస్తూ ఏరు దాటుతుంటారు. ఇంత సాధువుగా కనిపించే నీళ్లకు రాజులు భయపడ్డారంటే నమ్మబుద్ధి కాదు. పన్నెండో శతాబ్దిలో రాజ్యాన్ని వెనకుండి నడిపిన షిరకావా చక్రవర్తి తన మాట విననివి మూడే అన్నాడట: కమో నీళ్లు, పాచికల ఆట, హియెయి కొండ మీది సన్యాసులు. 1935 జూన్‌లో వచ్చిన వరద సంజో, గోజో వంతెనలను ఊడ్చుకుపోయింది. ఇప్పుడు మనం చూసే లోతు, వెడల్పు, రాతి గోడలు ఆ తర్వాత తవ్వి కట్టినవి.

ఇక్కడి నుంచి ఏటి స్వభావం మారుతుంది. ఎగువ నీళ్లు పుట్టుకవి, శుద్ధివి. సంజో దగ్గరికి వచ్చేసరికి చావు మొదలవుతుంది. పడమటి గట్టున తెరమాచి అనే వీధి ఉంది, పొడుగునా బౌద్ధాలయాలే. వాటిని అక్కడికి తరలించింది 1591 ప్రాంతంలో అప్పటి పాలకుడు టొయొటొమి హిదెయోషి. ఊరి చుట్టూ మట్టికోట కట్టి, ఊళ్లో చెల్లాచెదురుగా ఉన్న గుళ్లన్నింటినీ తూర్పు అంచుకు తోసేశాడు. వరదొచ్చినా శత్రువొచ్చినా ముందు తగిలేది సన్యాసులకే.

సంజో వంతెన పడమటి కొసన, బార్లూ హోటళ్లూ కిక్కిరిసిన కియమాచి వీధిలో జుయిసెంజి అనే చిన్న గుడి ఉంది. జనం పట్టించుకోకుండా దాటిపోతారు. హిదెయోషికి లేక లేక కొడుకు పుట్టాక, అప్పటిదాకా వారసుడిగా ఉన్న మేనల్లుడు హిదెత్సుగు అడ్డయ్యాడు. 1595లో అతడి చేత పొట్ట చీల్చుకునేలా చేసి, తలను ఇక్కడి ఏటి ఇసుకలో పెట్టి, దాని ముందే అతడి భార్యలనూ పిల్లలనూ ముప్ఫై మందికి పైగా వరసగా నరికించాడు. అందరినీ ఒకే గుంతలో పూడ్చారు. వరదలకు ఆ దిబ్బ చెదిరిపోయింది. 1611లో సుమినొకురా ర్యోయి అనే వర్తకుడు పక్కనే సరుకు పడవల కోసం తకాసె కాలువ తవ్విస్తూ ఆ సమాధి రాయి చూసి, ఈ గుడి కట్టించాడు. లోపల నడిమి రాతి చుట్టూ చిన్న చిన్న సమాధి రాళ్లు బారులు తీరి ఉంటాయి.

షిజో వంతెన దగ్గర కథ మళ్లీ నీళ్ల మీదికి వస్తుంది. తూర్పున వీధి చివర కనిపించే ఎర్ర ద్వారం యసకా జింజాది. 869లో మహమ్మారి వచ్చినప్పుడు మొదలైన గియోన్ ఉత్సవం దీనిదే. జూలై 10 రాత్రి కాగడాల వెలుగులో దేవుడి పల్లకీని ఈ వంతెన మీదికి మోసుకొస్తారు. ఆ ఉదయమే కమోలో తోడిన నీళ్లలో సకాకి చెట్టు కొమ్మ ముంచి పూజారి పల్లకీ మీద చల్లుతాడు. ఆ తుంపర్లు మీద పడాలని జనం తోసుకుంటారు. జింజా పండగే అనుకుంటాం. కానీ ఈ దేవుడు వేయేళ్లకు దగ్గరగా గొజు తెన్నో, అంటే శ్రావస్తిలో బుద్ధుడున్న జేతవనానికి కావలి దేవుడు. పూజ చేసింది బౌద్ధ సన్యాసులు.

మత్సుబరా వంతెన దాటితే చావు తప్ప ఇంకో మాట లేదు. అవతల కొండవాలులో తొరిబెనో, పాత క్యోటో తన శవాలను వదిలిన చోటు. దానికి దారిలో రొకుదో చిన్నోజి. ఆగస్టు 7 నుంచి 10 దాకా జనం బారులు కట్టి ఇక్కడి గంట మోగిస్తారు. గంట కనపడదు, గది లోపల ఉంటుంది. గంటను కొట్టడం కాదు, గోడ రంధ్రంలోంచి వచ్చిన తాడును లాగాలి. పైలోకం వాళ్లను ఇంటికి లాక్కురావడం అన్నమాట.

నాలుగడుగుల్లో రొకుహరమిత్సుజి. 951లో మహమ్మారి రోజుల్లో కూయ అనే సన్యాసి స్థాపించాడు. ఆయన కొయ్య బొమ్మను పదమూడో శతాబ్దిలో శిల్పి ఉన్‌కెయి కొడుకు కోషో చెక్కాడు. సంక్రాంతి హరిదాసులా వీధివీధీ తిరిగిన మనిషి ఆయన. మెడలో వేలాడే కంచు జేగంట, చేతిలో దాన్ని కొట్టే సుత్తి, ఇంకో చేతిలో జింక కొమ్ము తొడిగిన కర్ర, పిక్కల మీద తేలిన నరాలు, అరిగిన గడ్డి చెప్పులు. నోరు కాస్త తెరిచి ఉంటుంది. ఆ నోట్లోంచి సన్నటి తీగ మీద ఆరు బుద్ధ ప్రతిమలు వరసగా బయటికొస్తుంటాయి. నము అమిద బుత్సు అన్న ఆరక్షరాల జపమే అలా బొమ్మలైంది. క్యోటోలో ఒక్కటే చూడమంటే నేను ఇదే చూడమంటాను.

ఇంకా దక్షిణాన హిదెయోషి కట్టించిన మహాబుద్ధుడి గుడి హోకోజి జాడలు, దాని ఎదురుగా మిమిజుకా. 1592లో కొరియా మీద మొదలైన దండయాత్రల్లో కోసి, ఉప్పులో ఊరవేసి పంపిన వేలాది ముక్కులను పూడ్చిన దిబ్బ అది. గడ్డి మొలిచిన ఆ గుట్ట మీద ఒక రాతి స్తూపం.

పక్కనే సంజూసంగెందో. 1266లో తిరిగి కట్టిన 120 మీటర్ల పొడవు మందిరంలో 1,001 అవలోకితేశ్వర విగ్రహాలు. అందరూ ఆ వెయ్యింటి వంకే చూస్తారు. మన వాళ్లు చూడాల్సింది ముందు వరసలోని 28 మంది రక్షకులను. బ్రహ్మ, ఇంద్రుడు, నారాయణుడు ఉన్నారు. ముక్కూ రెక్కలూ ఉన్న గరుత్మంతుడు వేణువు ఊదుతున్నాడు. ఎముకల గూడులా చిక్కిన వసు మహర్షి కర్ర పట్టుకుని నిలబడ్డాడు.

ఆ తర్వాత రైలు వంతెనలు, గోదాములు, మామూలు ఇళ్లు. చూడటానికేమీ లేదు, చకచకా నడిచేయొచ్చు. ఆగాల్సింది తోబా దగ్గర. తన మాట ఏటికి చెల్లదన్న షిరకావా విశ్రాంతి భవనాలు కట్టుకుంది ఇక్కడే. ఆ భవనాల చోట జోనన్‌గూ జింజా ఉంది, కొంచెం పడమటికి కమో మీద కొఎదా వంతెన. 1868 జనవరి 27 సాయంత్రం ఈ వంతెన దగ్గరే సత్సుమా సంస్థానపు సైనికులు, అప్పటిదాకా దేశాన్ని ఏలిన షోగున్ సేనను అడ్డగించి ఫిరంగులు పేల్చారు. నాలుగు రోజుల్లో యుద్ధం తేలిపోయింది, చక్రవర్తి పేరిట కొత్త ప్రభుత్వం నిలబడింది. రెండు మూడు నెలలు తిరక్కుండానే షింటో దేవతలనూ బుద్ధులనూ విడదీయాలని ఉత్తర్వులు వచ్చాయి. వాటిలో గొజు తెన్నో పేరు ఎత్తి మరీ చెప్పారు. గియోన్ గుడి యసకా జింజాగా పేరు మార్చుకుంది. రెండు కమో గుళ్ల ఆవరణల్లో ఉన్న బౌద్ధ కట్టడాలు పోయాయి. జింజాల్లో పూజ చేసే సన్యాసులు జుట్టు పెంచుకుని షింటో అర్చకులుగా మారాల్సి వచ్చింది. మొదట్లో గైడు నేర్పిన లెక్క వయసు అంతే, 150 ఏళ్ల పైచిలుకు.

జోనన్‌గూ ఇప్పుడు ప్రయాణాల్లో ఆపద రాకుండా చూసే గుడి. కొత్త కారు కొన్నవాళ్లు నేరుగా ఇక్కడికే తెస్తారు. పూజారి తెల్లకాగితాల కుచ్చు ఊపుతూ మంత్రం చదువుతుంటే, బండివాళ్లు పక్కన తలొంచుకుని నిలబడతారు.