మోరీ తీసే మనిషిని స్తంభం ఎక్కించిన ఊరు

పొద్దున ఆరున్నరకే గ్రామ పంచాయతీ ఆఫీసు ముందు చెత్త ట్రాక్టరు సిద్ధంగా ఉంది. కార్యదర్శి ఫోన్‌లో కార్మికుల హాజరు వేస్తోంది. అది సిద్దిపేట వైపు ఒక చిన్న ఊరు. పేరు రాయొద్దని అక్కడివాళ్లు కోరారు, అందుకే రాయడం లేదు. పంచాయతీ కొలువులకు మనుషుల్ని ఎట్లా ఎంచుతున్నారో దగ్గరుండి చూద్దామని వెళ్లాను.

2018లో కొత్త పంచాయతీరాజ్ చట్టం వచ్చాక ప్రతి పంచాయతీకీ ఒక కార్యదర్శి ఉండాలని తెలంగాణ ప్రభుత్వం 9,355 జూనియర్ పంచాయతీ కార్యదర్శి పోస్టులకు ప్రకటన ఇచ్చింది. ఆ అక్టోబరులో రాత పరీక్ష జరిగింది, 2019 ఏప్రిల్‌లో నియామక పత్రాలు అందాయి. జనరల్ నాలెడ్జికి ఒక పేపరు, పంచాయతీరాజ్ చట్టానికి, గ్రామీణాభివృద్ధికి ఇంకొకటి. ఈ కార్యదర్శి ఆ పరీక్ష రాసి వచ్చినామే.

"చట్టమంతా చదివిన సార్. చేరిన మొదటి వారమే బోరు మోటరు కాలింది. ఊరంతా బిందెలు పట్టుకొని ఆఫీసు కాడికి వచ్చిండ్రు. ఎవల్ని పిలవాలె, పైసలు ఏ పద్దు కింద తియ్యాలె, ఏం తెల్వదు."

తెలిసిన మనిషి ఆఫీసులోనే ఉన్నాడు, కారోబారు. ముప్పై ఏళ్ల కింద ఒక సర్పంచి మాట మీద చేరాడు, ఏ పరీక్షా రాయలేదు. ఏ గల్లీలో వాల్వు ఎక్కడ పూడిపోయి ఉందో, ఏ ఇంటి పన్ను ఎన్నేళ్లుగా రాలేదో ఆయన నోటికి చెబుతాడు. ఆమె ఆయన్ని 'కాకా' అంటుంది. ఇద్దరూ కూర్చుని నల్లా పైపులైను మొత్తం ఒక రిజిస్టరులో గీశారు. ఊరికి అంతకుముందు అలాంటి పటమే లేదట. ఇంత తెలిసిన మనిషి కాగితాల మీద ఇప్పుడు మల్టీపర్పస్ వర్కరు, అంటే అన్ని పనులూ చేయాల్సిన కార్మికుడు.

ఆమెను నిజంగా పరీక్షించింది ఆ రెండు పేపర్లు కావు, ఆ తర్వాతి ప్రొబేషను. మొదట మూడేళ్లన్నారు, తర్వాత నాలుగు చేశారు. నెలకు 15,000 రూపాయల జీతం 2021లో 28,719 అయింది. నర్సరీ, డంపింగ్ యార్డు, వైకుంఠధామం, హరితహారం మొక్కలు, ఇంటి పన్ను, జనన మరణ ధ్రువపత్రాలు అన్నీ ఆమె మీదే పడ్డాయి. 2023 ఏప్రిల్ చివర్లో జూనియర్ కార్యదర్శులు సమ్మెకు దిగారు. ఆ తర్వాత జిల్లా కమిటీలు పనితీరుకు మార్కులు వేశాయి, గీటు దాటినవాళ్లను క్రమబద్ధీకరించారు.

పని చూసి మనిషిని తేల్చుకోవడం మంచి పద్ధతే. కానీ దానికి నాలుగేళ్లెందుకు? ఒక వానాకాలం మోరీలు, ఒక ఎండాకాలం నీళ్లు, ఒక మార్చి నెల పన్ను వసూళ్లు చూస్తే మనిషి తెలిసిపోతాడు. మిగిలిన మూడేళ్లూ తక్కువ జీతానికి చేయించుకున్న చాకిరీయే. ఆ మార్కులు వేసేటప్పుడు ఊళ్లో ఆడవాళ్లను ఒక్క మాట అడగలేదు. నల్లా ఎన్నింటికి వస్తుందో, ఎన్నడు రాలేదో వాళ్లకు తెలిసినంతగా ఏ కమిటీకి తెలుస్తుంది?

కింది కొలువుల సంగతి ఇంకా బాధగా ఉంది. సఫాయి పనికి ప్రకటన లేదు, పరీక్ష లేదు. మోరీ తీస్తున్న ఆమెను ఈ పనిలోకి ఎలా వచ్చావని అడిగాను. "మా అత్త చేసేది. ఆమెకు కాళ్లు పడిపోయినంక నేనొచ్చిన. నా కోడలిని మాత్రం రానియ్య" అంది. ఊడ్చేవాళ్లంతా దళితవాడ వాళ్లే. కార్యదర్శిని లక్షల మందిలోంచి ఏరిన ప్రభుత్వం, ఈ పనికి మాత్రం మనిషిని కులమే ఎంచిపెడుతుంటే చూస్తూ ఊరుకుంది. దీన్ని నియామకం అనడానికి నాకు మనసొప్పదు.

2019లో వచ్చిన 51వ నంబరు జీవోతో వీళ్లంతా మల్టీపర్పస్ వర్కర్లయ్యారు. జీతం 8,500 అన్నారు, 2023లో 9,500 చేశారు. ఊడ్చే మనిషే ట్రాక్టరు నడపాలి, బోరు మోటరు వేయాలి, వీధి లైట్లు చూడాలి. ఈ పద్ధతి తీసేయాలని కార్మిక సంఘాలు అప్పటి నుంచీ అడుగుతూనే ఉన్నాయి. ట్రాక్టరు దగ్గర ఉన్న నడివయసు మనిషి చేతులు చూపించాడు. "మోరీలు తీసేటందుకు పెట్టిండ్రు సార్. లైటు పోతే స్తంభం ఎక్కుమన్నరు. ఎక్కిన. షాక్ కొట్టి కింద పడ్డ." ఎడమ మణికట్టు సరిగ్గా వంగడం లేదు.

అదే 2019లో ఆంధ్రప్రదేశ్ గ్రామ, వార్డు సచివాలయాలకు ఒక్కసారిగా లక్షకు పైగా పోస్టులు నింపింది. సర్వేయరు, ఏఎన్ఎం, వ్యవసాయ సహాయకుడు, ఇంజినీరింగ్ అసిస్టెంటు, ఇలా పనికొక మనిషి. అక్కడి పద్ధతిలోనూ లోపాలున్నాయి, పేపరు లీకైందన్న ఆరోపణలూ వచ్చాయి. కానీ కరెంటు పనికి మాత్రం ఐటీఐలాంటి వృత్తి చదువు చదివినవాళ్లనే పిలిచి, స్తంభం ఎక్కించి, మీటరు రీడింగు తీయించి చూశారు. ఆ కొలువులో ఏం చేయాలో ముందే తేల్చుకున్నారు కాబట్టి దేన్ని పరీక్షించాలో వాళ్లకు తెలిసింది. మన దగ్గర కొలువు పేరే 'అన్ని పనులూ' అయినప్పుడు దానికి తగిన మనిషి ఎక్కడ దొరుకుతాడు?

మళ్లీ ఆ ఊరికి వస్తే, షాక్ కొట్టిన ఆ ప్రమాదం తర్వాత కార్యదర్శి తన కార్మికుల్లో ఎవరినీ స్తంభం ఎక్కనివ్వలేదు. లైట్లు వెలగక ఊరివాళ్లు తిట్టినా పడింది. ఊళ్లోనే ఐటీఐ ఎలక్ట్రీషియన్ చదివి ఖాళీగా ఉన్న కుర్రాళ్లు ముగ్గురున్నారని కారోబారు చెప్పాడు. లైన్‌మన్‌ను కూడా రమ్మని ఒక సాయంత్రం ముగ్గురినీ బడి ముందున్న స్తంభం దగ్గరికి పిలిపించింది. పాడైన లైటు మార్చమంది. ఇద్దరు నిచ్చెన అందుకున్నారు. మూడోవాడు కదలకుండా లైన్‌మన్‌ వైపు తిరిగి "అన్నా, ఎల్‌సీ తీసుకున్నవా?" అని అడిగాడు. లైను బందు చేయించి, ఆ సంగతి ఖాయం చేసుకోవడాన్ని వాళ్లు ఎల్‌సీ అంటారు. పని ఆ కుర్రాడికే ఇచ్చారు. లైటుకింత అని లెక్కగట్టి పంచాయతీ నిధుల్లోంచి చెల్లిస్తున్నారు. ఎల్‌సీ లేకుండా ఎవరూ స్తంభం ఎక్కకూడదని తీర్మానం పుస్తకంలో రాయించింది.