చేరింది - ఓడింది

తెలుగు చెప్పేవాడికి సందేహాలు రావలసిన చోట్లు వేరే ఉన్నాయి. సంధుల దగ్గర రావచ్చు, సమాసాల దగ్గర రావచ్చు, పద్యంలో యతి కుదిరిందా లేదా అన్నచోట రావచ్చు. ఫుట్‌బాలు దగ్గర నాకు సందేహం వస్తుందని మాత్రం నేనెన్నడూ అనుకోలేదు. కాని వచ్చింది. అదీ ఒకే ఒక్క క్రియాపదం దగ్గర.

సంగతి చిత్తగించండి. కిందటి చలికాలంలో మా జైనూరు పిల్లల జట్టు చుట్టుపక్కల కళాశాలల మధ్య జరిగిన ఫుట్‌బాలు పోటీలకు వెళ్ళింది. ఎనిమిది జట్లు, రెండు గ్రూపులు. ఒక్కొక్క గ్రూపులో మొదటి రెండు జట్లు సెమీఫైనలుకు వెళతాయి. పెద్ద లీగుల్లో దీన్నే ప్లేయాఫ్ అంటారట. మావాళ్ళు ఒక ఆట గెలిచారు, ఒకటి సమం చేశారు, ఒకటి ఓడారు. మరో జట్టుతో పాయింట్లు సమానమైతే గోల్సు లెక్క చూసి, ఒక్క గోలు తేడాతో మావాళ్ళనే పైకి పంపారు. (గోలుకు బహువచనం ‘గోళ్ళు’ అని రాస్తే చదివేవారు చేతివేళ్ళు చూసుకుంటారు గనుక గోల్సు అనే రాస్తున్నాను.) సెమీఫైనలులో మూడు గోల్సు తిని, ఒక్కటీ కొట్టకుండా ఇంటిదారి పట్టారు.

మర్నాడు ప్రిన్సిపాలుగారు నన్ను పిలిచారు. “తెలుగు సారు మీరు. నోటీసు బోర్డు మీద పిల్లల గురించి ఒక ముక్క రాయండి. మన ఇజ్జత్ నిలబడేటట్టు ఉండాలె,” అన్నారు.

ఎంతసేపు పని! సుద్దముక్క తీసుకుని “మన జట్టు సెమీఫైనలు” అని రాశాను. అక్కడ చెయ్యి ఆగిపోయింది. ‘సెమీఫైనలు చేరింది’ అనాలా? ‘సెమీఫైనలులో ఓడింది’ అనాలా? రెండూ నిజమే. కాని మొదటిది రాస్తే చప్పట్లు కొట్టాలి. రెండోది రాస్తే ఓదార్చాలి.

అర్థశాస్త్రం చెప్పే మిత్రుడు వెనకనుంచి చూసి నవ్వాడు. “ఎనిమిదింట్లో నాలుగింటిని పైకి పంపుతారు. అంటే సగం మందికి సీటు ఖాయం. బస్సులో సీటు దొరకడం కూడా ఘనకార్యమేనటండీ?” అన్నాడు. ఉట్నూరు నుంచి జైనూరుకు సాయంత్రం బస్సెక్కినవాణ్ణి గనుక, అదీ ఘనకార్యమేనని నా ఉద్దేశం. కాని ఆ మాట పైకి అనలేదు. ఈలోగా మంచినీళ్ళు పట్టుకొచ్చిన అటెండరు తన అభిప్రాయం కూడా చెప్పాడు. “నిరుడు మనోళ్ళు మొదటి దినమే వాపసొచ్చిండ్రు సార్. ఈసారి మూడు దినాలు ఆడనే ఉండి అన్నం తిన్నరు. గదేం తక్కువా?”

అప్పటికి బోర్డు మీది వాక్యం అసంపూర్తిగా వదిలేసి క్లాసుకు వెళ్ళిపోయాను. కాని ఆ రోజంతా ఆ క్రియాపదం నన్ను వదల్లేదు.

నిజానికి ఈ తగవు మా కళాశాలలో పుట్టింది కాదు. మన హైదరాబాదు వాడే, సయ్యద్ అబ్దుల్ రహీం అనే ఆయన, దీన్ని డెబ్బయి ఏళ్ళ కిందటే ఎదుర్కొన్నాడు. వృత్తికి బడిపంతులు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్దినవాడు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలుచుకుంది. ఆయన కథ 2024లో ‘మైదాన్’ అనే హిందీ సినిమాగా వచ్చింది. మా పిల్లలకు ఆయన తెలిసింది దానివల్లనే.

రహీం శిక్షణలో మన దేశపు జట్టు 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సుకు వెళ్ళింది. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, సికిందరాబాదు అమ్ముగూడ కుర్రవాడు తులసీదాస్ బలరాం - ఇలా మన ప్రాంతం వాళ్ళు అందులో చాలామందే ఉన్నారు. మొదట ఆడవలసిన హంగరీ రాలేదు. ఆడకుండానే మనవాళ్ళు పై మెట్టు ఎక్కారు. డిసెంబరు 1న ఆస్ట్రేలియాను వాళ్ళ గడ్డమీదే 4-2తో ఓడించారు. అందులో మూడు గోల్సు నెవిల్ డిసౌజావి. దానితో ఒలింపిక్సు ఫుట్‌బాలులో సెమీఫైనలు చేరిన మొదటి ఆసియా జట్టు మనదయింది. అక్కడ యుగోస్లావియా చేతిలో 1-4తో ఓటమి. కాంస్య పతకానికి ఆడిన ఆటలో బల్గేరియా చేతిలో 0-3తో ఓటమి. ఏతావాతా నాలుగో స్థానం. పతకం లేదు.

మా అర్థశాస్త్రం మిత్రుడి లెక్క ప్రకారం చూస్తే ఇందులో ఏముంది? మూడు ఆటలాడి గెలిచింది ఒకటి. ఒక మెట్టు హంగరీవాళ్ళు రాకపోవడం వల్ల కలిసివచ్చింది. మా పిల్లలకు గోల్సు లెక్క కలిసివచ్చినట్టే. అదృష్టం అనేసి ఊరుకోవచ్చు.

కాని నాలుగేళ్ళు వెనక్కి వెళ్ళి చూడండి. 1952లో హెల్సింకీ ఒలింపిక్సులో ఇదే యుగోస్లావియా మనమీద పది గోల్సు కొట్టింది. మనం కొట్టింది ఒక్కటి. అప్పుడు మనవాళ్ళలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. అప్పుడూ శిక్షకుడు రహీమే. పది గోల్సు తిన్న జట్టు నాలుగేళ్ళ తర్వాత అదే ప్రత్యర్థి మీద ముందుగా తానే గోలు కొట్టి, చివరికి నాలుగు తిని ఓడింది. పదికీ నాలుగుకీ మధ్య ఉన్న ఆరు గోల్సు ఏ పతకాల పట్టికలోనూ కనబడవు. అవే రహీం సంపాదన అని నాకనిపిస్తుంది.

ఇంకొక చిత్రం. 1960లో రోములో మనజట్టు గ్రూపు కూడా దాటలేదు. కాని ఆ ఒలింపిక్సులోనే కాంస్యం తీసుకున్న హంగరీ చేతిలో ఓడింది 1-2తో. మన ఆ ఒక్క గోలు బలరాంది. ఫ్రాన్సుతో ఆట 1-1తో సమమయింది. ఏది పెద్ద విజయం - అదృష్టం కలిసివచ్చి నాలుగోస్థానం చేరడమా, ఎక్కడికీ చేరకుండా హంగరీకి చెమటలు పట్టించడమా? ఆ రెండు జట్లనూ తయారుచేసిన మనిషి మాత్రం రెండింటితోనూ తృప్తిపడలేదు. ఒంట్లో కాన్సరు పెట్టుకుని 1962లో జకార్తా వెళ్ళాడు. ఆసియా క్రీడల ఫైనలులో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకంతో తిరిగివచ్చాడు. మరుసటి సంవత్సరం జూన్ 11న కన్నుమూశాడు.

దీనికి ఎదురుగా మా పిల్లలు కళ్ళారా చూసిన ఇంకొక కథ ఉంది. 2019లో హైదరాబాదు పేరుమీద ఒక క్లబ్బు ఇండియన్ సూపర్ లీగులో చేరింది. మొదటి ఏడు పది జట్లలో పదోది. రెండో ఏడు ఐదోది. అప్పట్లో ప్లేయాఫుకు నలుగురినే తీసుకునేవాళ్ళు. చివరి ఆటలో గోవాను గెలిస్తే చేరేవాళ్ళు. 0-0తో సరిపెట్టుకుని గుమ్మం బయటే నిలబడిపోయారు. మూడో ఏడు లీగు పట్టికలో రెండో స్థానం. ప్లేయాఫులన్నీ దాటి 2022 మార్చి 20న ఫైనలులో కేరళ జట్టును పెనాల్టీలతో ఓడించి ఏకంగా విజేతలయ్యారు. ఆ రాత్రి గోలీ కట్టిమణి పెనాల్టీలు ఆపుతుంటే మా పిల్లలు వేసిన కేకలకు వీధికుక్కలు ఊరు విడిచిపోయాయి. తమాషా ఏమంటే, ఆ ఏడు లీగు పట్టికలో మొదటి స్థానం జంషెడ్‌పూర్‌ది. ప్లేయాఫులనేవి లేకపోతే విజేత అనిపించుకునేది వాళ్ళే.

నాలుగో ఏడూ రెండో స్థానమే. సెమీఫైనలులో పెనాల్టీలతో ఓడారు. ఆ తర్వాత డబ్బు ఇబ్బందులు వచ్చాయి. ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. 2023-24లో ఇరవై రెండు ఆటల్లో గెలిచింది ఒకటి; పన్నెండు జట్లలో పన్నెండో స్థానం. 2025లో ఆ క్లబ్బు పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. కప్పు గెలిచిన మూడేళ్ళకు ఆ లీగులో ఊరికి జట్టే లేకుండాపోయింది.

నాలుగో స్థానం వచ్చిన జట్టు ఆరేళ్ళకు బంగారం తెచ్చింది. కప్పు గెలిచిన జట్టు మూడేళ్ళకు మాయమయింది. మరి ఏ మెట్టు చేరితే విజయమని చెప్పడం? మెట్టును చూసి చెప్పలేమనే నాకు తోచింది. అక్కడ నిలబడ్డవాడు తరవాత ఏం చేశాడో చూడాలి. అదొక్కటే కాదు, ఆ మాట ఎవరు అంటున్నారన్నది కూడా చూడాలి. ఈ రెండో సంగతి నాకు పుస్తకాల్లో దొరకలేదు. మా నాన్న దగ్గర దొరికింది.

నేను ఎం.ఏ. పూర్తిచేసిన కొత్తలో లెక్చరరు ఉద్యోగానికి పరీక్ష రాశాను. పాసయ్యాను. ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. వెళ్ళివచ్చాను. చివరి జాబితాలో నా పేరు లేదు. నేను ముఖం చాటేసుకుని ఇంట్లో కూర్చుంటే, మా బాపు అంగడికి పోయి బెల్లం తెచ్చి వాడలో ఇంటింటికీ పంచాడు. “నా కొడుకు పట్నందాంక పోయి, పెద్దపెద్దోళ్ళ ముంగట కుర్చీల కూసుండి మాట్లాడొచ్చిండు,” అని చెప్పాడు అందరికీ. నాకు ప్రాణం పోయినంత పనయింది.

“కూసుండి లేసొచ్చిన బాపూ. నౌకరి రాలే. దేనికి పంచుతున్నవ్ బెల్లం?” అని గట్టిగానే అన్నాను.

ఆయన నా వంక చూసి, “నువ్వట్లనే అనుకో. నేనిట్లనే అంట,” అన్నాడు.

రెండోసారి కూడా ఇంటర్వ్యూ దాకా వెళ్ళి తిరిగివచ్చాను. మళ్ళీ బెల్లం. మూడోసారి ఉద్యోగం వచ్చింది. అప్పుడూ అదే బెల్లం; చిటికెడు ఎక్కువా లేదు, తక్కువా లేదు. ఆ రోజు కాస్త నొచ్చుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, మొదటిసారి ఆయన నాలాగే ‘రాలేదు’ అనేసి ఊరుకుని ఉంటే నేను రెండోసారి రాసేవాణ్ణి కాదేమో. నేను ఆయనలాగే ‘అంతదాకా పోయొచ్చాను కదా’ అనుకుని ఉంటే మూడోసారి చదివేవాణ్ణి కాదేమో. చేరిందని ఊరు అనాలి. ఓడిందని ఆటగాడు అనుకోవాలి. ఈ రెండు మాటలూ నోళ్ళు మారాయా, పని చెడింది. ఊరు ఓటమి ఎత్తిపొడిస్తే జట్టు విరుగుతుంది. జట్టు చేరానని మురిస్తే అక్కడే కూలబడుతుంది.

ఇంత ఆలోచించి మర్నాడు పొద్దున బోర్డు దగ్గరకు వెళ్ళి, ఊరి తరఫున నేను అనవలసిన మాట రాశాను: “మన జట్టు సెమీఫైనలు చేరింది.” సుద్దముక్క కింద పెట్టబోతుంటే వెనక గోలీ కుర్రవాడు నిలబడి ఉన్నాడు. మార్లవాయి వైపునుంచి వచ్చే గోండు పిల్లవాడు. మూడు గోల్సూ తిన్నది వాడే.

“సార్, ఓడిపోయినమని గూడ రాయుండ్రి,” అన్నాడు.

“ఎందుకురా? బాగానే ఆడారు కదా!”

“ఉత్తగ చేరినమని రాస్తే, వచ్చేసారి మళ్ళ గంతదాంక పోతే చాలనిపిస్తది సార్.”

మా బాపు ఎదురుగా కూర్చుని నాతో మాట్లాడినట్టే ఉంది. కాకపోతే ఈసారి బెల్లం పంచేవాణ్ణి నేను.

అర్థశాస్త్రం మిత్రుడు అప్పుడే వచ్చి, “ఇంకేం, ‘సెమీఫైనలు చేరి ఓడింది’ అని ఒక్క ముక్కలో తేల్చెయ్యండి. సుద్దముక్కా కలిసివస్తుంది,” అన్నాడు. ఇక్కడ మాత్రం నేను తెలుగు పంతుల్నయిపోయాను. ‘చేరి’ అంటే అది అసమాపక క్రియ. పని పూర్తికానట్టే లెక్క. చేరడం పూర్తయింది, దాన్ని సగంలో వదలకూడదు. ఓడడమూ పూర్తయింది, దాన్ని దాచకూడదు. అందుకని రెండు వాక్యాలు రాశాను:

“మన జట్టు సెమీఫైనలు చేరింది. అక్కడ మన జట్టు 0-3 తేడాతో ఓడింది.”

ప్రిన్సిపాలుగారు చదివి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “మొదటి వాక్యం కొంచెం పెద్ద అక్షరాలు చేయరాదూ,” అన్నారు. చేశాను.

ఆ సాయంత్రం ఇంటికి పోతుంటే, పత్తిచేని పక్కన ఉన్న మైదానంలో రెండు వెదురుగడల మధ్య ఆ గోలీ కుర్రవాడు నిలబడి ఉన్నాడు. మిగతావాళ్ళు వరసగా బంతి తంతున్నారు. చీకటి పడ్డాక బంతి కనబడలేదు గాని, చాలాసేపటిదాకా చప్పుడు మాత్రం వినబడుతూనే ఉంది.