యోకోహామాలో ఒక్కరోజు, అత్తయ్యతో

క్రూయిజ్‌లో ఏ ఊరైనా ఒక్కరోజే. పొద్దున ఎనిమిదింటికి దింపుతారు, సాయంత్రం ఐదుకల్లా లోపల ఉండాలి. రాకపోతే ఓడ మన కోసం ఆగదు. అందుకే ముందురోజు రాత్రి భోజనాల దగ్గర ప్రతి కుటుంబంలోనూ చిన్న సైజు యుద్ధం జరుగుతుంది. మా యుద్ధం టోక్యో గురించి.

ఓడ ఆగేది యోకోహామాలో. దాదాపు 37 లక్షల జనాభా, జపాన్‌లో టోక్యో తర్వాత పెద్ద ఊరు అదే. కానీ పిల్లలు దాన్ని లెక్కలోకే తీసుకోలేదు. రేవుకి దగ్గర్లోనే స్టేషను, రైలు మారే పని లేకుండా నలభై నిమిషాల్లో షిబుయా. అక్కడ జనమంతా ఒక్కసారే రోడ్డు దాటే కూడలి, పక్కనే హచికో అనే కుక్క విగ్రహం. "అది చూడకుండా వస్తే అందరూ నవ్వుతారమ్మా" అని మా అమ్మాయి. మా అత్తయ్యకి డెబ్భై నాలుగేళ్ళు, మోకాళ్ళు అరిగిపోయాయి. అందరూ నావైపు చూశారు. నోరు తెరిచి అడిగినవాళ్ళు లేరు. అడగక్కర్లేదు కదా, అత్తగారి దగ్గర ఎవరుండాలో మన ఇళ్ళల్లో ముందే రాసిపెట్టి ఉంటుంది. కాస్త మండింది. ఇరవై రెండేళ్ళ కాపురంలో మొదటిసారి దేశం దాటాను, అక్కడా డ్యూటీ మారలేదు.

"నేను ఓడలోనే కూర్చుంటాలేమ్మా, నువ్వూ వెళ్ళు" అన్నారు అత్తయ్య.

మావయ్యగారు ప్రొడక్షన్ మేనేజరు. సినిమా పరిశ్రమ మద్రాసు నుంచి తరలివస్తున్న రోజుల్లో హైదరాబాద్ వచ్చి, ఫిల్మ్ నగర్‌లో బండరాళ్ళ మధ్య స్థలం తీసుకుని ఇల్లు కట్టారు. అవుట్‌డోర్ పేరుతో చాలా దేశాలు తిరిగారు. వస్తూ వస్తూ అత్తయ్యకి సెంటు సీసాలు, సబ్బులు తెచ్చేవారట. "ఈసారి నిన్నూ తీసుకెళ్తా" అని ముప్పై ఏళ్ళు చెప్పారు. ఆయన పోయి రెండేళ్ళయింది. అలాంటి మనిషిని ఇంతదూరం తెచ్చింది ఓడలో కూర్చోబెట్టడానికా అనిపించింది. "ఇద్దరం దిగుదాం అత్తయ్యా. మీరు నడవగలిగినంత మేరే" అన్నాను.

ఒసాన్‌బాషి అని ఆ రేవు పేరు. టెర్మినల్ పైకప్పంతా చెక్క పలకలు, మధ్యమధ్యలో పచ్చగడ్డి. ఊరివాళ్ళు దాన్ని తిమింగలం వీపు అంటారట. ఎక్కడానికీ దిగడానికీ మెల్లగా వాలుగా ఉంటుంది. అత్తయ్యకి జపాన్‌లో మొదట నచ్చింది అదే. "గుట్టల మీద ఇళ్ళు కట్టుకున్నాం, మనకెవరూ ఇలా కట్టివ్వరేం?" అన్నారు. జూబ్లీహిల్స్‌లో ఎవరింటికి పేరంటానికి వెళ్ళినా గేటు దగ్గర్నుంచే మెట్లు లెక్కపెట్టుకునే మనిషి మరి.

రేవు దాటగానే సిల్క్ మ్యూజియం. 1859లో ఆ రేవుని విదేశీ వ్యాపారానికి తెరిచాక చాలాకాలం ఆ ఊరు పట్టు ఎగుమతులతోనే బతికింది. అత్తయ్య పుట్టిల్లు చీరాల, మగ్గాల చప్పుడు మధ్య పెరిగారు. అక్కడ మగ్గం చూసి కదల్లేదు. పడుగు ఎక్కడ, పేక ఎక్కడ అని నాకు చూపిస్తూ అరగంట నిలబడ్డారు, మోకాళ్ళ సంగతే మర్చిపోయి. అక్కడ ఒకావిడ మా బొట్లు చూసి "ఇండియా?" అని అడిగి, వెంటనే "ఆర్ ఆర్ ఆర్!" అంటూ నాటు నాటు స్టెప్పు కాస్త వేసి చూపించింది. 2022 అక్టోబరులో ఆ సినిమా అక్కడ విడుదలైంది కదా. అంతా ఆడవాళ్ళే నటించే తకరజుకా అనే నాటక సమాజం 2024లో దాన్ని రంగస్థలం మీద కూడా ఆడింది. ఆ సంగతి ఫోనులో వెతికి చూపిస్తే "భీముడి వేషమూ ఆడపిల్లే వేసిందా!" అని అత్తయ్య నోరు నొక్కుకున్నారు. "మా ఇల్లు ఫిల్మ్ నగరే" అని ఆవిడకి తెలుగులోనే చెప్పేశారు.

అక్కణ్ణుంచి యమషిత పార్కు పది నిమిషాల నడక. మాకు అరగంట పట్టింది. సముద్రం ఒడ్డున గులాబీలు, బెంచీలు. ఆ పార్కు కింద ఉన్నది భూకంపం శిథిలాలు. 1923 సెప్టెంబరు 1న, మధ్యాహ్నం పన్నెండుకి రెండు నిమిషాల ముందు భూమి కదిలింది. సరిగ్గా వంటల వేళ. పొయ్యిలన్నీ వెలుగుతున్నాయి, ఇళ్ళు కూలి మంటలు అంటుకున్నాయి. టోక్యో, యోకోహామా చుట్టుపక్కల కలిపి లక్షమందికి పైగా పోయారు. ఆ శిథిలాలతో సముద్రాన్ని పూడ్చి 1930లో పార్కు తెరిచారు. ఒక మూల చిన్న గోపురంలా కట్టడం ఉంటే, మన దేశంలోదిలా ఉందే అని దగ్గరకెళ్ళాం. నిజంగానే మనవాళ్ళదే. పట్టు వ్యాపారానికి వెళ్ళి ఆ ఊళ్ళో ఉన్న భారతీయులు కూడా భూకంపంలో చనిపోయారు. మిగిలినవాళ్ళని ఊరివాళ్ళు ఆదుకున్నారు. ఆ కృతజ్ఞతతో మన వ్యాపారులు కట్టించి ఇచ్చిన నీళ్ళ ఫౌంటెన్ అది. లోపల కప్పుకి మొజాయిక్ పని ఎంత బాగుందో.

పక్కన బెంచీ మీద కూర్చుని కొట్లో కొన్న అన్నం ముద్దలు తిన్నాం. లోపల ఉప్పులో ఊరేసిన పుల్లటి పండు. "మన ఊరుసిరికాయ లాగే ఉంది" అని అత్తయ్య రెండోది కూడా తిన్నారు. తిన్నాక కాసేపు గోపురం వైపే చూసి, "ముక్కూ మొహం తెలియనివాళ్ళు చేసిన సాయానికే అంత గుర్తు కట్టారు. మీ మావయ్యకి ఆఖరి మూడు నెలలూ అమ్మాయి వచ్చి చేసింది" అన్నారు.

విషయం అర్థమైంది. మా ఇల్లు డెవలప్‌మెంటుకి ఇవ్వాలని బిల్డరుతో మాటలు నడుస్తున్నాయి. మా ఆడపడుచు తనకేమీ వద్దని రాసిచ్చే కాగితం మావారు సిద్ధం చేయించారు. మావయ్యగారు వీలునామా రాయలేదు, ఇల్లేమో స్వార్జితం. 1956 నాటి చట్టం ప్రకారం భార్యకీ కొడుక్కీ కూతురికీ సమానం. పిత్రార్జితంలోనూ ఆడపిల్లకి వాటా అని ఎన్టీఆర్ హయాంలో, 1986లో చట్టం వచ్చింది. చట్టాలకేం, ఉన్నాయి. రిజిస్ట్రారాఫీసు దగ్గర పసుపు కుంకుమ, పట్టుచీర చేతిలో పెడితే అవి ఎవరికీ గుర్తురావు. తెనాల్లో మా నాన్న ఇంటికి నేనూ అలాగే సంతకం పెట్టి వచ్చాను. ఆ చీర మడత ఇంతవరకూ విప్పలేదు.

"దాని చేత ఉత్తినే సంతకం పెట్టించనివ్వను. దానికీ ఓ ఫ్లాటు రావాలి. వాడికి నేను చెబితే కూతురి పక్షం అంటాడు. ఇంట్లో మాట్లాడాలంటే గోడలకి చెవులు. నీకు చెబుదామని ఎన్నాళ్ళనుంచో చూస్తున్నా" అన్నారు.

ఆ ఫ్లాటు వెళ్ళేది నా పిల్లల వాటాలోంచే. అమ్మాయి పెళ్ళి, అబ్బాయి చదువు, అన్నీ లెక్క వేసుకుంటూ ఓ పావుగంట సముద్రం చూశాను. అత్తయ్య తొందరపెట్టలేదు. "నేను మాట్లాడతాను" అన్నాను చివరికి. ఆవిడ నా చెయ్యి పట్టుకుని లేచారు.

పిల్లలూ మావారూ నాలుగున్నరకి చేతినిండా సంచులతో పరిగెత్తుకొచ్చారు. రాత్రి డెక్ మీద ఆయనకి చెప్పాను. "అమ్మ అందా, నువ్వంటున్నావా?" అన్నారు. "ఇద్దరం" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత బిల్డరు ఎన్ని ఫ్లాట్లు ఇస్తానన్నాడో మళ్ళీ మొదట్నుంచి లెక్క చెప్పడం మొదలుపెట్టారు.

ఆ కాగితం ఇంకా వకీలుగారి దగ్గరే ఉంది. మూడు పేర్లతో ఇంకొకటి రాయమని నేనే ఫోను చేసి చెప్పాను. వచ్చే నెల మా ఆడపడుచు విజయవాడ నుంచి వస్తోంది.